కులం సరిహద్దు దాటుతుంది, సర్టిఫికెట్ దాటదు

(అంబేడ్కర్ జయంతి సందర్భంగా మండల కేంద్రంలో జరిగిన విద్యార్థుల, తల్లిదండ్రుల సభలో వొక హైస్కూలు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

జయంతి రోజున విగ్రహానికి దండేసి, జెండా ఎత్తి ఇళ్ళకి పోవడంతో సరిపెట్టకుండా పిల్లల చదువు గురించి మాట్లాడుకుందామని కమిటీ వాళ్ళు అనుకున్నారు. మంచి పని చేశారు. నాకిచ్చిన విషయం ఇది: నీట్ రాసిన మన పిల్లలకి మన రాష్ట్రంలో డాక్టరు సీటు దొరక్కపోతే పక్క రాష్ట్రంలో దొరుకుతుందా? దొరికితే ఏ దారిన దొరుకుతుంది, ఎంతమందికి దొరుకుతుంది?

నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. నేను ఎంసెట్ రాసినప్పుడు అప్లికేషన్ ఎట్లా నింపాలో చెప్పే మనిషి మా పల్లెలో లేడు. పోస్టాఫీసు అరుగు మీద కూర్చునే ఒకాయన్ని బతిమాలి నింపించుకున్నా. ఆయన ఏ గడిలో ఏం రాశాడో ఇప్పటికీ నాకు తెలీదు. సీటు రాలేదు. మార్కులు తక్కువై రాలేదా, గడి తప్పై రాలేదా అన్న అనుమానం ఇన్నేళ్ళయినా పోలేదు. ఆ అనుమానం మన పిల్లలకి మిగలకూడదనే ఈ లెక్కలన్నీ కూడబెట్టాను.

ముందు నిరుడు జరిగిన సంగతి చెబుతా. మన పక్క ఊరి పల్లెలో వొక మాదిగ కుటుంబం. భార్యాభర్తలిద్దరూ పదేళ్ళనుంచి బెంగుళూరులో బిల్డింగు పనుల్లో వున్నారు. కూతురు ఇక్కడే గురుకులంలో చదివింది. నీట్ రాసి అర్హత తెచ్చుకుంది. ఎస్సీ పిల్లలకి అర్హతంటే 40వ పర్సంటైల్ దాటాలి. దాటింది. అర్హత వేరు, సీటు వేరు. తెలంగాణా కౌన్సిలింగులో సీటు రాలేదు.

అప్పుడు టౌన్నుంచి ఏజెంటొకడు దిగాడు. "మీరు బెంగుళూరులో పదేళ్ళనుంచి వుంటున్నారు గదా, అక్కడ బోలెడు కాలేజీలున్నాయి, మీకెట్లాగూ ఎస్సీ సర్టిఫికెట్ వుంది, సీటు నేనిప్పిస్తా" అన్నాడు. లక్షన్నర అడ్వాన్సు తీసుకున్నాడు. తల్లి మెళ్ళో పుస్తెలతాడూ పోయింది, డ్వాక్రా గ్రూపులో తెచ్చిన అప్పూ పోయింది. "ఢిల్లీ కౌన్సిలింగు మనకెందుకు, దండగ" అని కూడా చెప్పాడు వాడు. వాళ్ళు నమ్మారు. బెంగుళూరులో ఆఫీసుకు పోయి వరసలో నిలబడితే, అక్కడి గుమాస్తా సర్టిఫికెట్ అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది తెలంగాణాది, ఇక్కడ చెల్లదు, మీ అమ్మాయి ఇక్కడ జనరల్" అన్నాడు.

ఆ తల్లి నా దగ్గరికొచ్చి అడిగింది: "సారూ, బెంగుళూరులో ఇల్లు అద్దెకడిగితే మీరేవుట్లు అని అడిగి, చెప్పినాక తలుపేసుకున్నారు. అక్కడ మాకు కులం వుంది. అదే ఊళ్ళో కాలేజీకి పోతే మీకు కులం లేదంటున్నారు. ఇదేం లెక్క సారూ?"

మిత్రులారా, ఇవాళ నా ఉపన్యాసమంతా ఆ తల్లి ప్రశ్నే. కులం మనతోపాటే రైలెక్కి వస్తుంది. సర్టిఫికెట్ మాత్రం సరిహద్దు స్టేషన్లో దిగిపోతుంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. సుప్రీంకోర్టు దాకా పోయింది, అదీ మన తెలుగు కుర్రాడి మెడికల్ సీటు మీదే. మర్రి చంద్రశేఖరరావు కేసంటారు. తెనాలిలో పుట్టినవాడు. ఆంధ్రలో షెడ్యూల్డు తెగ సర్టిఫికెట్ వున్న కుటుంబం. ఆ సర్టిఫికెట్ మీదే తండ్రికి ఎరువుల కార్పొరేషన్లో, అంటే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం బొంబాయి తీసుకుపోయింది. కొడుకు అక్కడే పెరిగాడు, అక్కడే చదివాడు. బొంబాయి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే నువ్వు మహారాష్ట్ర ఎస్టీవి కాదు పొమ్మన్నారు. 1990లో ఐదుగురు జడ్జీల బెంచి ఆ మాటే ఖాయం చేసింది. రాజ్యాంగం 341, 342 అధికరణాల్లో జాబితా 'ఆ రాష్ట్రానికి సంబంధించి' అని వుంది, కాబట్టి వొక రాష్ట్రపు జాబితా ఇంకో రాష్ట్రంలో చెల్లదు అన్నారు. 2018లో ఇంకో ఐదుగురు జడ్జీల బెంచి, ఢిల్లీ జల్ బోర్డు కేసులో, మళ్ళీ అదే చెప్పింది.

ఇక్కడొకటి గమనించండి. తండ్రికి కేంద్రం తలుపు దగ్గర చెల్లిన కాగితమే కొడుక్కి రాష్ట్రం తలుపు దగ్గర చెల్లలేదు. అంటే తలుపులు రెండున్నాయి. ఏ తలుపు దగ్గర మన కాగితం చెల్లుతుందో తెలుసుకోవడమే ఇవాళ్టి పాఠం.

కోర్టు చెప్పిన కారణంలో కొంత నిజం లేకపోలేదు. ధోబీలు యూపీ, బీహార్లలో ఎస్సీలు, మన దగ్గర రజకులు బీసీలు. ఒకే వృత్తి, ఒక్కోచోట ఒక్కో స్థితి. సరే. కానీ మాల, మాదిగ పేర్లు కర్ణాటక జాబితాలోనూ వున్నాయి, మన జాబితాలోనూ వున్నాయి. రెండుచోట్లా అంటరానివాళ్ళేనని రెండు ప్రభుత్వాలూ రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, మధ్యలో సరిహద్దు దాటినంత మాత్రాన అంటరానితనం ఎట్లా పోయింది? పోతే సంతోషమే. ఇల్లు అద్దెకిమ్మనండి మరి!

ఇప్పుడు 'బయటివాడు' అనే మాట ఎట్లా పుట్టిందో చూద్దాం. 1955లో ఇండోర్ మెడికల్ కాలేజీలో బయటి రాష్ట్రాల పిల్లల దగ్గర అదనంగా కేపిటేషన్ ఫీజు వసూలు చేస్తుంటే ఢిల్లీ విద్యార్థి వొకడు కోర్టుకి పోయాడు. నివాసాన్ని బట్టి తేడా చూపించవచ్చు అంది సుప్రీంకోర్టు. తర్వాత రాష్ట్రాలన్నీ తమ సీట్లు తమ పిల్లలకే అని గోడ కట్టుకున్నాయి. 1984లో ప్రదీప్ జైన్ కేసులో, దేశమంతా ఒకటే అన్నప్పుడు కొన్ని సీట్లయినా దేశమంతటికీ తెరవాలంది కోర్టు. ఎంబీబీఎస్‌లో 30 శాతం వదలమంది. 1986లో దాన్ని 15 శాతానికి తగ్గించింది. అదే ఇవాళ మనం ఆలిండియా కోటా అంటున్నది.

దేశమంతటికీ తెరిచిన తలుపు అన్నారు. కానీ ఆ తలుపులో 2007 దాకా ఎస్సీ, ఎస్టీ రిజర్వేషనే లేదు! ఇరవై ఏళ్ళు ఆ సీట్లన్నీ ర్యాంకు వున్నోడివే. ర్యాంకు ఎవరికుంటుంది? కోచింగుకి డబ్బున్నోడికి వుంటుంది. 2007లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నాక ఎస్సీలకి 15, ఎస్టీలకి 7.5 శాతం వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ కాలేజీలు వదిలిన ఆ కోటాలో బీసీలకైతే 2021 దాకా ఆగాల్సొచ్చింది. మన తెలుగు నేల 371డి అధికరణం పేరున చాలా ఏళ్ళు ఆ కోటాకి బయటే వుండిపోయి, నీట్ వచ్చాకనే చేరింది. అందుకే మన పల్లెల్లో ఆలిండియా కోటా అనే మాటే కొత్త. తెలియని తలుపుని ఎవడు కొడతాడు?

లెక్కల్లోకి వెళ్ళేముందు అమెరికా ముచ్చట వొకటి. మా బడిలో చదివి అక్కడ స్థిరపడిన ఒకాయన కూతురు అక్కడ డాక్టరీకి అర్జీలు పెట్టుకుంది. అక్కడ పరీక్ష మార్కులొక్కటే చూడరు, కొందర్ని ఇంటర్వ్యూకి పిలుస్తారు, పిలిచినవాళ్ళలో కొందరికి సీటిస్తారు. రాష్ట్రాల డబ్బుతో నడిచే కాలేజీలు చాలావరకు తమ రాష్ట్రపు పిల్లలకే ముందు చోటిస్తాయి. టెక్సస్‌లోనయితే ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో బయటి రాష్ట్రాల పిల్లలు నూటికి పదిమందికి మించకూడదని చట్టమే వుంది. ఆయన నాకొక మాట చెప్పాడు: "సార్, కాలేజీలో ఎన్ని సీట్లున్నాయని చూస్తే మోసపోతాం. బయటివాళ్ళు ఎంతమంది అర్జీ పెట్టారు, ఎంతమందిని పిలిచారు, ఎంతమందికి సీటిచ్చారు, ఈ మూడూ విడివిడిగా చూసుకోవాలి." వెయ్యిమంది బయటివాళ్ళు అడిగితే యాభైమందిని పిలిచి ఐదుగురికి సీటిచ్చారనుకోండి. కాలేజీలో రెండొందల సీట్లున్నా బయటివాడికి వున్నవి ఐదే. ఈ చూపు మనక్కూడా కావాలి.

మన దగ్గర ఎంబీబీఎస్‌కి ఇంటర్వ్యూ లేదు. వొకప్పుడుండేది. తమిళనాడులో మెడికల్ సీట్ల ఇంటర్వ్యూ మార్కుల మీద 1970లో సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. ముఖం చూసి, తండ్రి పేరడిగి మార్కులేసే రోజులవి. ఇప్పుడు ముఖం చూడరు. సర్టిఫికెట్ మీద రాష్ట్రం పేరు చూస్తారు.

ఇక లెక్క. 2025లో నీట్ రాసినవాళ్ళు 22 లక్షల పైచిలుకు. అర్హత వచ్చినవాళ్ళు 12 లక్షల 36 వేలు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు అన్నీ కలిపి లక్షా పదిహేను వేల పైన. అందులో ప్రయివేటువి తీసేస్తే మనబోటి వాళ్ళు ఫీజు కట్టగలిగినవి దాదాపు సగమే.

వొక ప్రభుత్వ కాలేజీ తీసుకోండి. నూరు సీట్లనుకోండి. అందులో 15 ఆలిండియా కోటాకి పోతాయి. మిగిలిన 85 ఆ రాష్ట్రంవి. ఆలిండియా 15లో ఎస్సీలకి నూటికి 15 చొప్పున రెండు సీట్లు, చిల్లర. మన రాష్ట్రంలో అయితే మిగతా 85లో అదే 15 శాతం చొప్పున పన్నెండో పదమూడో. (మన రాష్ట్రంలో 2025 నుంచి ఆ 15 శాతాన్ని మూడు గ్రూపులకి పంచారు. అది వేరే చర్చ, ఇవాళ అందులోకి పోను.) అంటే ఒకే కాలేజీలో సొంత రాష్ట్రపు ఎస్సీ పిల్లకి పన్నెండు పదమూడు సీట్లుంటే, బయటి రాష్ట్రపు ఎస్సీ పిల్లకి వున్నవి రెండు. ఆ రెండింటికీ దేశంలోని ఎస్సీ పిల్లలంతా పోటీ. పక్క రాష్ట్రపు 85 సీట్ల దగ్గర మన సర్టిఫికెట్ వట్టి కాగితం.

అయితే నిరాశపడొద్దు. ఒక్కో కాలేజీలో రెండే అయినా దేశంలో ప్రభుత్వ కాలేజీలు వందల్లో వున్నాయి. ఒక్క రిజిస్ట్రేషన్‌తో వాటన్నిటికీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. పైగా ఎయిమ్స్‌లున్నాయి. అక్కడ సీట్లన్నీ దేశం మొత్తానికే. మన బీబీనగర్ ఎయిమ్స్‌లో తెలంగాణా పిల్ల లోకల్ కాదు, బీహార్ పిల్ల నాన్‌లోకల్ కాదు. మంగళగిరిలోనూ అంతే. నూటికి 15 ఎస్సీలకి. మన సర్టిఫికెట్ ఏ రాష్ట్రందైనా అక్కడ చెల్లుతుంది.

కాబట్టి తలుపుల వరస ఇది. మొదటిది సొంత రాష్ట్రపు కౌన్సిలింగు, మనకి ఎక్కువ సీట్లున్నది అక్కడే. రెండోది ఢిల్లీ నుంచి నడిచే ఆలిండియా కౌన్సిలింగు: రాష్ట్రాల 15 శాతం సీట్లు, ఎయిమ్స్‌లు, జిప్మర్ అందులోనివే. మూడోది పక్క రాష్ట్రాల ప్రయివేటు కాలేజీల్లో బయటివాళ్ళకి అమ్మే సీట్లు. నాలుగోది డీమ్డ్ యూనివర్సిటీలు. మూడు, నాలుగు తలుపుల దగ్గర మన రిజర్వేషను లేదు. డీమ్డ్‌లో కౌన్సిలింగు డిపాజిట్టే రెండు లక్షలు, ఏడాది ఫీజు చాలాచోట్ల ఇరవై లక్షలు దాటుతుంది. ఏజెంట్లు మనల్ని తీసుకుపోయేది ఎప్పుడూ ఆ రెండు తలుపుల దగ్గరికే. ఎందుకంటే మొదటి రెండు తలుపుల దగ్గర వాడికి కమీషను పుట్టదు.

ఆలిండియా కౌన్సిలింగుకి ఎంతవుతుందో విన్నారా? ఎస్సీ, ఎస్టీ పిల్లలకి రిజిస్ట్రేషను 500 రూపాయలు, తిరిగొచ్చే డిపాజిట్టు 5 వేలు. ఆ అమ్మాయి ఐదున్నర వేలు కట్టాల్సిన తలుపు వదిలి, లక్షన్నర పోసి మూసిన తలుపు దగ్గర నిలబడింది. ఢిల్లీ కౌన్సిలింగుకి పోయుంటే సీటు వచ్చేదా? వచ్చేదని నేను చెప్పను. కానీ కొట్టకుండానే ఆ తలుపు మూసుకుపోయింది. ఏజెంటు డబ్బు ఇంతవరకు తిరిగివ్వలేదు. కేసు పెట్టించాం, తిరుగుతున్నాం.

ఇంకో ప్రమాదం మన ఇంట్లోనే వుంది. మన పక్కనుంచే రైలెక్కితే విజయవాడ. ఇంటర్ అక్కడ బాగా చెబుతారని పంపుతున్నాం. తెలంగాణాలో లోకల్ కావాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా వరసగా నాలుగేళ్ళు ఇక్కడే చదవాలని 2024 జులైలో 33వ నంబరు జీవో ఇచ్చారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఇంటర్ రెండేళ్ళు విజయవాడలో చదివిన ఖమ్మం పిల్ల ఇక్కడ లోకల్ కాదు. అక్కడ చదివింది రెండేళ్ళే కాబట్టి ఆ రాష్ట్రం కూడా నా పిల్ల అనదు. ఫీజు కట్టి మరీ పిల్లని పరాయిదాన్ని చేసుకుంటున్నాం. తొమ్మిదిలో వున్న పిల్లల తల్లిదండ్రులు ఇది ఇవాళే రాసిపెట్టుకోండి.

ఈ జీవో మీద కేసు నడిచినప్పుడు ప్రభుత్వం కోర్టుకేం చెప్పింది? రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు, సైన్యంలో వున్నవాళ్ళు బదిలీల మీద పోతారు గనక వాళ్ళ పిల్లలకి మినహాయింపు ఇస్తామంది. మంచిదే, నేనూ ఉద్యోగినే. కానీ బదిలీ ఆఫీసరుకే వుంటుందా? ఇటుక బట్టీకి పోయిన పాలమూరు కూలీది బదిలీ కాదా? బిల్డింగు పనికి పోయి, పిల్లని వెంటబెట్టుకుని అక్కడి బడిలో వేసినవాళ్ళది బదిలీ కాదా? ఆఫీసరుకి ఆర్డరు కాగితం మీద వస్తుంది, మనకి ఆకలి రూపంలో వస్తుంది. అంతే తేడా.

అందుకే మన సంఘం అడగాల్సినవి మూడున్నాయి. వొకటి, రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ వున్న కులాల పిల్లలకి, వలస పోయిన చోట చదువుకునేందుకైనా సర్టిఫికెట్ చెల్లేటట్టు పార్లమెంటు చట్టం చెయ్యాలి. రెండు, వలస కూలీల పిల్లలకి ఆఫీసర్ల పిల్లలతో సమానంగా లోకల్ మినహాయింపు ఇవ్వాలి. మూడు, ప్రయివేటు కాలేజీల్లో రిజర్వేషన్లు పెట్టొచ్చని రాజ్యాంగంలో 15(5) చేర్చి ఇరవై ఏళ్ళవుతోంది. కేంద్రం 2006లో తన సంస్థలకే చట్టం చేసి ఊరుకుంది. డీమ్డ్ తలుపు కూడా తెరిచే చట్టం కావాలి.

చట్టం వచ్చేదాకా మన పని మనం చెయ్యాలి. కౌన్సిలింగు నిబంధనలు ఏటేటా మారతాయి, ఆ ఏటి పుస్తకం తెచ్చి చదవండి. చదవలేకపోతే నా దగ్గరికి రండి, బడి వదిలాక సాయంత్రం వుంటాను. కుల సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో కూడా ముందే తీసి పెట్టుకోండి. రెండు కౌన్సిలింగులకీ విడివిడిగా రిజిస్టరు కావాలి. ఏ రౌండులో చేరితే రెండోదాన్లోంచి తప్పుకోవాల్సి వస్తుందో అడిగి తెలుసుకున్నాకే చేరండి. కిందటేడు ఏ కాలేజీలో ఎస్సీ చివరి ర్యాంకు ఎంతో ఢిల్లీ వాళ్ళు విడుదల చేసిన జాబితాల్లో దొరుకుతుంది. పిల్ల ర్యాంకు పక్కన ఆ ర్యాంకు పెట్టి చూడండి, ఏజెంటు మాట పక్కన కాదు. బయటి రాష్ట్రంలో చదివినా పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ సొంత రాష్ట్రమే ఇవ్వాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకుండా వుంటే చాలు. ఇవ్వకపోతే కలిసి పోయి అడుగుదాం.

ఆడపిల్లని అంత దూరం ఎట్లా పంపుతామని కొందరంటారు. బెంగుళూరుకి ఇటుకలు మొయ్యడానికి పంపినప్పుడు దూరం అడ్డం రాలేదు. చదువుకి పంపేటప్పుడే ఎందుకొస్తుంది? పిల్ల అక్కడికి చేరాక వారానికోసారి ఫోను చెయ్యండి, ఎవరన్నా కులం పేరుతో ఒక్క మాటన్నా చెప్పమనండి. పిల్ల ఒంటరిది కాదని ఆ కాలేజీకి తెలియాలి.

ఆ అమ్మాయి ఈ సభలోనే వుంది, పేరు చెప్పను. మళ్ళీ పరీక్ష రాస్తోంది. ఈసారి అప్లికేషన్‌లో ఏ గడిలో ఏం రాయాలో తనే నింపింది, నేను పక్కన కూర్చుని చూశానంతే. ఈ జులైలో రెండు తలుపులూ కొడుతుంది. తల్లి అడిగిన ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. అది రాజ్యాన్ని అడగాల్సిన ప్రశ్న. అందరం కలిసి అడుగుదాం.

జై భీం!